పొగడచెట్టు మాట

ఇవాళ ఎరువుల సంగతి పక్కన పెట్టి పొగడచెట్టు గురించి చెప్పుకుందాం. ఇందులో నేను చేసిన తప్పు కూడా ఒకటి ఉన్నది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో పటాన్‌చెరు దగ్గరి కర్దనూర్‌లో ఒక రైతు పొలం చూడబోయాను. యాసంగి జొన్న. దక్షిణపు గట్టు వెంబడి నాలుగు సాళ్లు పీలగా ఉన్నాయి. గట్టు మీద ముదురు పొగడచెట్టు. డిప్లొమా చదువు ఇంకా పచ్చిగానే ఉన్నదాయె, "నీడ కొడుతున్నది, తీసెయ్యండి" అన్నాను. తీసేశారు. మళ్లీ పోయినప్పుడు రైతు తల్లి ఒక్క మాటే అన్నది: "కొట్టకముందు నన్నొక మాట అడగకపోతివి గద బిడ్డా."

ఆ అవ్వ చెబితేగాని నాకు తెలియలేదు. పొగడపువ్వు రాత్రి విచ్చి తెల్లవారేసరికి రాలుతుంది. కోసే పనిలేదు, ఏరుకోవడమే. పువ్వు నడుమ రంధ్రం ఉంటుంది కాబట్టి సూది లేకుండానే దారానికి గుచ్చవచ్చు. ఆ పని పిల్లలది. దండ దేవుడికి పోతుంది, జడలోకి పోతుంది. మల్లె వాడితే వాసన పోతుంది, పొగడ ఎండినా పోదు. అందుకే అవ్వ ఎండుపూలు మూటగట్టి చీరెల పెట్టెలో వేసేది. పుల్లతో పళ్లు తోమేవారు. చిగుళ్లు వదులైతే బెరడు కషాయం పుక్కిలించేవారు. పండు కొంచెం వగరైనా పిల్లలు వదలరు. సంస్కృతంలో దీనినే వకుళం అంటారు. తిరుమల వేంకటేశ్వరుని పెంచిన తల్లిగా చెప్పుకునే వకుళమాతది ఈ పువ్వు పేరే.

నేను చెప్పవలసింది వేరే ఉండె. యాసంగిలో పొద్దు దక్షిణంగా నడుస్తుంది, నీడ ఉత్తరానికి పడుతుంది. దక్షిణపు గట్టు చెట్టుకు పొలం వైపు కొమ్మలు కత్తిరిస్తే చాలావరకు సరిపోయేది. కొత్తగా పెట్టేవారు ఉత్తరపు గట్టున పెట్టండి. అవతల పొరుగువాని పైరుంటే మాత్రం వద్దు, తగవు మొదలవుతుంది. అప్పుడు బావి దగ్గరో, వాకిట్లోనో, గుడి దగ్గరో పెట్టవచ్చు.

బాగా పండిన పండ్ల గుజ్జు కడిగి, గింజలను పాతబడనివ్వకుండా సంచుల్లో వేయండి. మొలక ఆలస్యమవుతుంది, మొక్క మెల్లగా పెరుగుతుంది. తొందరపడేవారికి ఇది పనికిరాదు. మొదటి రెండు ఎండాకాలాలు నీళ్లు పోసి, కంచె కట్టాలి. నిలదొక్కుకుంటే ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుంది. ప్లాట్లు పడి, లారీల దుమ్ము రేగే మన ఊళ్లలో వాకిలి ముందు అటువంటి చెట్టు అక్కరకొస్తుంది.

ఉన్న చెట్టు కొట్టదలిస్తే, 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం కింద అనుమతి కావాలేమో ముందు కనుక్కోండి. ఇంట్లో పెద్దవాళ్లను కూడా అడగండి.

పోయిన వానాకాలం ఆ అవ్వ వాకిట్లో రెండు మొక్కలు పెట్టించాను. ఒకటి మేక మేసింది. రెండోది మోకాలెత్తు వచ్చింది.