ఏడాది ఆపితే ఆటగాడు కాడు



రావివలస, టెక్కలి, పలాస, మందస, సోంపేట వైపు పిల్లల్ని ఆటల్లోకి పంపుతున్న తల్లిదండ్రులతో ఈరోజు ఒక విషయం మాట్లాడాలి. జూన్‌లో బడులు తెరిచే వేళకు మాలాంటి డ్రిల్లు మాస్టార్ల దగ్గరికి ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. "మాస్టారూ, మా గుంటడు బాగా ఆడతాడు గానీ ఒళ్లు రాలేదు. తొమ్మిదిలోనే ఇంకో ఏడు ఉంచేస్తే ఏటవుతాది?" కొందరు అక్కడితో ఆగరు. గొంతు తగ్గించి, వయసు ఒక ఏడు తక్కువ రాయించే వీలుందా అని అడుగుతారు.

అడిగేవాళ్లు చెడ్డవాళ్లు కారు. జీడి పిక్కలు కొట్టి బతికే ఇల్లు, ఏడాదిలో సగం రోజులు హైదరాబాదులోనో చెన్నైలోనో కూలి చేసే తండ్రి. అలాంటి ఇంట్లో ఆటల సర్టిఫికెట్టు అంటే చిన్న విషయం కాదు. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడాకారుల వాటాను 2024 క్రీడా విధానం 2 శాతం నుంచి 3 శాతానికి పెంచింది. సైన్యంలో చేరాలన్న కోరిక మన జిల్లా కుర్రాళ్లలో ఎప్పుడూ ఉన్నదే. ఆ ఆశను నేను తప్పు పట్టను. ఆ ఆశ కోసం ఎంచుకున్న దారి మాత్రం తప్పు. ఎందుకో వివరంగా చెబుతాను.

ముందు క్లాసులో ఆపడం గురించి. మన స్కూల్ గేమ్స్ పోటీలు అండర్-14, అండర్-17, అండర్-19 అని వయసును బట్టి జరుగుతాయి. మీ వాడు ఎనిమిదిలో ఉన్నా తొమ్మిదిలో ఉన్నా పుట్టిన తేదీ మారదు కదా. కాబట్టి అండర్-14లోగానీ అండర్-17లోగానీ క్లాసు ఆపినందువల్ల వయసులో ఒక్క రోజు కూడా కలిసిరాదు. కలిసొచ్చేది ఒక్కచోటే. అండర్-19లో ఆడాలంటే ఇంటర్ దాకా ఎక్కడో ఒకచోట చదువుతూ ఉండాలి. ఏడాది ఆగినవాడికి అక్కడ ఇంకో ఏడాది దొరుకుతుంది. కానీ ఇంటర్ అయిపోతే ఆట అయిపోదు. డిగ్రీలో చేరితే అంతర్ విశ్వవిద్యాలయ పోటీలున్నాయి, వాటిలో 25 ఏళ్ల వరకు ఆడవచ్చు. దొరికేది బడి ఆటల్లో ఒక సీజను. పోయేది చదువులో ఒక ఏడాది, ఉద్యోగంలో ఒక ఏడాది, తోటి పిల్లలంతా పై తరగతికి వెళ్తుంటే వెనక బెంచీలో కూర్చున్నవాడి మనసు.

"అమెరికాలో మా వాళ్లు చెప్పారండీ, అక్కడ ఇలాగే చేస్తారట" అని కొందరంటారు. నిజమే, అక్కడ ఆ అలవాటుంది. అక్కడి బడి జట్లు ఎక్కువగా తరగతిని బట్టి ఉంటాయి కాబట్టి, పిల్లవాడు బలంగా తయారవుతాడని ఏడాది ఆపే తల్లిదండ్రులు ఉన్నారు. అయితే మనవాళ్లు చాలామంది స్థిరపడ్డ టెక్సాస్‌లోనే నిబంధన ఏమిటో వినండి. సెప్టెంబరు 1 నాటికి 19 ఏళ్లు నిండినవాడు బడి జట్టులో ఆడకూడదు. ఆట కోసమని ఏడు, ఎనిమిది తరగతుల్లో ఆపిన పిల్లవాడు హైస్కూల్లో నాలుగో ఏడు ఆడే అర్హత పోగొట్టుకుంటాడు. ముందు దొంగిలించిన ఏడాదిని చివర్లో తిరిగి లాగేసుకుంటారన్నమాట.

ఇక వయసు తగ్గించి రాయించడం. ఇది ఆటలో తెలివితేటలు కాదు, తప్పుడు పత్రం సృష్టించడం, అంటే నేరం. దీన్ని అరికట్టడానికి కేంద్ర క్రీడా శాఖ 2010లోనే జాతీయ నియమావళి తెచ్చింది. క్రికెట్ బోర్డు 2012 నుంచి చిన్నవయసు ఆటగాళ్లకు ఎముకల పరీక్ష చేయిస్తోంది. ఎడమ చేతి మణికట్టుకు ఎక్స్‌రే తీసి, ఎముకలు ఎంతవరకు ముదిరాయో చూస్తారు. కాగితం మీద తేదీ మార్చగలం గానీ మణికట్టు ఎముకను మార్చలేం. 2020లో ఆ బోర్డు ఒక అవకాశం ఇచ్చింది. తప్పుడు తేదీ ఇచ్చినవాళ్లు తామే వచ్చి చెబితే వేటు ఉండదు, దాచి దొరికితే రెండేళ్ల నిషేధం అని ప్రకటించింది. పదిహేడేళ్లవాడికి రెండేళ్ల నిషేధమంటే దాదాపు ఆట ముగిసినట్టే. 2015 డిసెంబరులో పటౌడీ స్మారక ఉపన్యాసంలో రాహుల్ ద్రావిడ్ ఈ వయసు మోసాన్ని ఫిక్సింగుతో సమానమన్నాడు. ఆయన బాధ అంతా ఆ మోసం వల్ల చోటు పోగొట్టుకునే నిజాయితీపరుడైన పిల్లవాడి గురించి.

2001లో అమెరికాలో డానీ అల్మోంటే అనే కుర్రవాడి సంగతి ప్రపంచమంతా మారుమోగింది. పన్నెండేళ్లవాళ్ల బేస్‌బాల్ పోటీలో అతని బంతిని దాదాపు ఎవరూ కొట్టలేకపోయారు. తీరా చూస్తే అతనికి పద్నాలుగేళ్లు. జట్టు గెలిచిన ఆటలన్నీ రద్దు చేశారు. తప్పు చేసింది పెద్దలు. ఈనాటికీ ఆ మోసం పేరెత్తితే గుర్తొచ్చేది మాత్రం ఆ పిల్లవాడి పేరే.

ఇప్పుడు మైదానంలో నేను చూసింది చెబుతాను. అండర్-14 కబడ్డీ ఎంపికల్లో ఒక కుర్రవాడు ఉండేవాడు. ఊరు, పేరు చెప్పను. పైపెదవి మీద నూగుమీసం, గొంతు అప్పటికే మారిపోయింది. కూతకు వెళ్తే ముగ్గురు బక్కపిల్లలు నడుం పట్టుకున్నా, వాళ్లను ఈడ్చుకుంటూనే మధ్య గీత దాటేవాడు. చుట్టూ చప్పట్లు. వాడికి కాలివేలితో తాకి వెనక్కి తిరగడం అవసరం రాలేదు, బోనస్ గీత మీద బరువు నిలుపుకోవడం అవసరం రాలేదు, ఒకవైపు ఊగి రెండోవైపు జారుకోవడం అవసరం రాలేదు. ఛాతీతో తోసుకుపోవడమే వాడికి తెలిసిన ఆట. అండర్-17కి వచ్చేసరికి ఎదుటివాళ్లు కూడా వాడంత అయ్యారు. మూలనున్నవాడు చీలమండ పట్టేవాడు, పక్కవాళ్లు చేతులు కలిపి గొలుసు వేసేవారు. వాడు మళ్లీ ఛాతీతోనే తోసేవాడు, మళ్లీ పడిపోయేవాడు. సీజను సగంలోనే పక్కన కూర్చోబెట్టారు.

అదే ఎంపికల్లో ఇంకో పిల్లవాడు ఉన్నాడు. నిజంగా పదమూడేళ్లవాడు, సన్నగా ఉండేవాడు, పాదం పాములా కదిలేది. జట్టులో చోటు రాలేదు. మరుసటి ఏడు మైదానానికే రాలేదు. వయసు తగ్గించిన పెద్దలు తమ పిల్లవాడి ఆటను పాడు చేయడమే కాదు, ఆ రెండోవాడి ఆటను మొదలు కాకుండానే ఆపేశారు. ఇది నేను మరిచిపోలేను, మీరూ మరిచిపోకూడదు.

ఒళ్లు రాలేదన్న దిగులు గురించి కూడా చెప్పాలి. మగపిల్లలు సాధారణంగా పదమూడు, పద్నాలుగేళ్ల మధ్య, ఆడపిల్లలు పన్నెండేళ్ల ప్రాంతంలో వేగంగా పెరుగుతారు. కొందరికి ఆ పెరుగుదల ముందే వస్తుంది, కొందరికి ఏడాది రెండేళ్లు ఆలస్యంగా వస్తుంది. పైగా జనవరిలో పుట్టినవాడు, డిసెంబరులో పుట్టినవాడు ఒకే విభాగంలో ఆడతారు. కెనడాలో ఐస్ హాకీ ఆటగాళ్ల పుట్టిన నెలలను రోజర్ బార్న్‌స్లీ 1985లో పరిశీలించి, సంవత్సరం మొదటి నెలల్లో పుట్టినవాళ్లే ఎక్కువమంది ఉన్నారని చూపించాడు. పెద్దవాడిని మంచి ఆటగాడనుకుని పెద్దలు ఎంపిక చేస్తున్నారన్నమాట. అంటే ఇది ఎంపిక చేసేవాళ్ల లోపం. దానికి మందు మీ వాడి వయసు దిద్దడం కాదు, మా చూపు దిద్దుకోవడం. తోటి పీఈటీలకు నా విన్నపం ఒకటే. వరుసలో పొడుగువాడిని ముందు పిలవడం మానండి. పాదం చూడండి, చెయ్యి చూడండి, ఓడిపోయాక మళ్లీ లేచి వస్తున్నాడో లేదో చూడండి.

మన జిల్లాలోనే ఉంది ఉదాహరణ. ఊసవానిపేటకు చెందిన కరణం మల్లీశ్వరి 1994, 1995లో ప్రపంచ విజేత. 2000లో సిడ్నీలో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళ. అప్పటికి ఆమె వయసు 25. ఒలింపిక్స్‌లో అండర్-14 ఉండదు. అక్కడ నిలబడేది ఏళ్ల తరబడి చేసిన సాధన ఒక్కటే.

మరి ఏం చేయాలి? బిడ్డ పుట్టిన 21 రోజుల్లోపు నమోదు చేయించండి. 2023 అక్టోబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన పిల్లలకు బడిలో చేరికతో సహా చాలా పనులకు జనన ధ్రువపత్రమే ఆధారం. పెద్ద పిల్లలకు జనన పత్రం, ఆధార్, బడి రిజిస్టరు మూడింటిలోనూ ఒకే తేదీ ఉందో లేదో ఈ వారమే చూసుకోండి. నిజంగా పొరపాటు ఉంటే ఆధారాలతో ప్రధానోపాధ్యాయుడిని కలిసి, పదో తరగతి పరీక్షకు పేర్లు పంపకముందే సరిచేయించండి. పదో తరగతి సర్టిఫికెట్టు మీద అచ్చయ్యాక మార్చడం చాలా కష్టం. "వయసు నేను చూసుకుంటాను" అని ఏ కోచ్ అన్నా, ఆ కోచ్ దగ్గరికి పిల్లవాడిని పంపకండి.

ఒళ్లు చిన్నదైతే బరువును బట్టి విభాగాలున్న ఆటలు చూడండి. వెయిట్‌లిఫ్టింగ్, కుస్తీ, బాక్సింగ్ ఉన్నాయి. బడిలో ఇచ్చే గుడ్డు, రాగిజావ వదలకుండా తిననివ్వండి. రాత్రి ఫోను తీసి పక్కన పెట్టి నిద్రపోనివ్వండి. రోజూ సాయంత్రం గంటసేపు మైదానానికి పంపండి.

క్లాసులో ఆపడం ఎప్పుడూ తప్పేనా అంటే, కాదు. జబ్బు చేసి బడి పోయినవాడు, అమ్మానాన్నలతో వలస వెళ్లి పాఠాలు పోగొట్టుకున్నవాడు, చదవడం రాయడం ఇంకా పట్టుబడనివాడు ఉంటే, టీచరుతో మాట్లాడి, పిల్లవాడినీ అడిగి నిర్ణయించండి. అక్కడ మీరు చూడాల్సింది చదువు. ఆటను ఆ లెక్కలోకి తేకండి.

రావివలస నుంచి సోంపేట దాకా ఉన్న అమ్మలకు, అయ్యలకు చేతులు జోడించి చెబుతున్నాను. మీ బిడ్డ వయసును వాడికే వదిలేయండి. పద్నాలుగేళ్లవాడిని పద్నాలుగేళ్లవాడిగానే ఆడనివ్వండి, ఓడితే ఓడనివ్వండి. నిజమైన వయసులో ఓడినవాడు నేర్చుకుంటాడు, దొంగ వయసులో గెలిచినవాడు నేర్చుకోడు. ఈ జూన్‌లో మీరు బడికి వెళ్లినప్పుడు "ఇంకో ఏడు ఆపేద్దామా" అని అడగకండి. "రోజూ ఎన్నింటికి మైదానానికి పంపమంటారు మాస్టారూ" అని అడగండి.