బురద నేల మీద సంగీత మహల్: ఆమ్‌స్టర్‌డామ్ కాన్సర్ట్‌గెబౌ కథ

అల్లవరం నుంచి ఇంకో ఎపిసోడ్‌తో వచ్చేశాను. ఈసారి టాపిక్ ఒక బిల్డింగ్. ఊరు నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టర్‌డామ్, పేరు కాన్సర్ట్‌గెబౌ. డచ్ భాషలో దానర్థం ‘కచేరీ భవనం’, అంతే. కానీ ప్రపంచంలో సౌండ్ బాగుండే హాళ్ళ లిస్టు ఎవరు రాసినా ఇది పైవరసలో ఉంటుంది.

మనకెందుకు అంటారా? అదీ మన కోనసీమలాంటి నేలేనండీ. ఎటు చూసినా కాలవలు, మెత్తటి మట్టి, కాస్త తవ్వితే నీళ్ళు. అలాంటి చోట అంత బరువైన హాలు ఎలా నిలబడింది, మళ్ళీ ఎందుకు కుంగింది? అదే ఇవాళ్టి కథ.

1880ల్లో ఆమ్‌స్టర్‌డామ్‌లో కొందరు ఊరివాళ్ళే పూనుకుని, ఊరి బయట పచ్చిక బయళ్ళలో ఈ హాలు మొదలుపెట్టారు. ఆర్కిటెక్ట్ వాన్ గెంట్. మట్టి బరువు మోయదు కదా, అందుకని 2,186 చెక్క దుంగలు భూమిలోకి దిగేశారు. ఒక్కోటి 12, 13 మీటర్లు, అంటే సుమారు నలభై అడుగులు! పైనున్న మెత్తటి మట్టిని దాటి, కింద గట్టి ఇసుక పొర తగిలేదాకా అన్నమాట.

తమాషా ఏంటంటే, 1886 చివరికే బిల్డింగ్ రెడీ. కానీ రోడ్డు లేదు, లైట్లు లేవు, పక్కనున్న చిన్న కాలవ పూడ్చలేదు. ఈ గొడవలన్నీ తేలి, 1888 ఏప్రిల్ 11న తెరిచారు. ఆ రోజు 120 మంది వాయిద్యగాళ్ళు, 500 మంది కోరస్!

ఇక సౌండ్ సంగతి. పెద్ద హాలు 44 మీటర్ల పొడవు, 28 వెడల్పు, 17 ఎత్తు. సింపుల్‌గా చెప్పులడబ్బా షేపు. జనం నిండా ఉన్నప్పుడు, వాయించడం ఆపాక కూడా శబ్దం సుమారు 2.2 సెకన్లు గాల్లో నిలుస్తుంది. ఖాళీ హాల్లో అయితే 2.8. అంటే మనుషులు, వాళ్ళ బట్టలు కూడా శబ్దాన్ని పీల్చుకుంటాయి. ఆర్కెస్ట్రాకి మైకులు అక్కర్లేదు, గోడలే స్పీకర్లు. లెక్కలేసి హాలు కట్టే సైన్సు అప్పటికింకా రాలేదు. సాబిన్ అనే ప్రొఫెసర్ లెక్కలతో బోస్టన్ సింఫనీ హాల్ తెరిచింది 1900లో. వాన్ గెంట్ మాత్రం లైప్‌జిగ్‌లో బాగున్న హాలుని చూసి ఆ దారిలో వెళ్ళాడు.

ఇప్పుడు అసలు పాయింట్. 1983లో తెలిసింది, హాలు కుంగుతోందని. గోడలకి పగుళ్ళు. కారణం కింద చెక్క దుంగలు కుళ్ళిపోవడం. చెక్క పూర్తిగా నీళ్ళలో మునిగి ఉంటే గాలి తగలదు, వందల ఏళ్ళు ఉంటుంది. భూగర్భజలం దిగి దుంగ తల గాలికి తేలిందా, బూజు పట్టి తినేస్తుంది. నీళ్ళు ఎక్కువైతేనే ప్రమాదం అనుకుంటాం గానీ, ఇక్కడ తగ్గినా ప్రమాదమే.

అప్పుడు విరాళాలు పోగుచేసి, 1985లో పని మొదలుపెట్టి, చెక్క దుంగల బదులు కాంక్రీటు పునాదులు వేశారు. పైనున్న హాలుని కూల్చకుండానే! వందేళ్ళ పండగకి, 1988 నాటికి, పక్కన గాజు గోడల కొత్త ప్రవేశద్వారం కూడా వచ్చింది.

నేను సాఫ్ట్‌వేర్‌లో చేసినప్పుడు ఒక మాట అనుకునేవాళ్ళం: యూజర్ మెచ్చుకునేది ఫ్రంట్‌ఎండ్‌ని, యాప్‌ని నిలబెట్టేది బ్యాకెండ్. బిల్డింగూ అంతేనండీ. మన దగ్గర ఇల్లు కట్టేటప్పుడు టైల్స్‌కి, ఎలివేషన్‌కి వారాలు తిరుగుతాం. సాయిల్ టెస్ట్ అంటే మాత్రం ‘ఎందుకండీ డబ్బు దండగ’ అంటాం. మెత్తటి నేల మీద ఉన్నవాళ్ళం, ముందు అడగాల్సిందే అది. గోడకి పగులొస్తే పుట్టీ పెట్టి మూసెయ్యకండి, కింద ఏమవుతోందో ఇంజనీర్‌తో చూపించండి.

మీ ఊళ్ళో కుంగిన పాత బిల్డింగ్ ఏదైనా ఉందా? కామెంట్‌లో పెట్టండి. నచ్చితే షేర్ చెయ్యండి. ఉంటానండీ మరి!