ఓడినా కలిసి బతకడం నేర్పండి



ఈ రోజు బి.ఎడ్. పట్టాలు అందుకుంటున్న మీలో చాలామంది పల్లె బడులకు ఉపాధ్యాయులుగా వెళ్తారు. అందుకే ఒక పల్లె బడి గురించి చెబుతాను. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో బాత్ అనే చిన్న ఊరు. చుట్టుపక్కల ఒంటిగది బడులను కలిపి 1922లో అక్కడ పెద్ద బడి తెరిచారు. ఆ ఖర్చుకు భూముల మీద పన్ను పెరిగింది. ఒక రైతు ఆ పన్ను మీద కత్తికట్టాడు.

అతను చదువుకున్నవాడు, కరెంటు పనుల్లో చేయి తిరిగినవాడు. బడి పాలకమండలికి కోశాధికారి. మరమ్మతులు కూడా చూసేవాడు కనుక బడి నేలమాళిగలోకి ఎప్పుడు వెళ్లినా ఎవరూ అనుమానించలేదు. 1926లో ఊరి పదవికి పోటీచేసి ఓడాడు. అప్పు కట్టక పొలం జప్తుదాకా వచ్చింది. చెట్ల మొద్దులు పేల్చుకోవడానికి రైతులకు అప్పట్లో చౌకగా దొరికే పైరోటాల్ అనే పేలుడు మందునూ డైనమైట్‌నూ కొని, బడి కింద దాచాడు.

1927 మే 18 ఉదయం 8.45కి ఆ మందు పేలి బడి ఉత్తర భాగం కూలింది. అరగంటకు అతను పేలుడు మందు నింపిన ట్రక్కులో వచ్చి, దాన్ని పేల్చి, బడి సూపరింటెండెంట్ ఎమరీ హైక్‌ను బలిగొని తానూ చచ్చాడు. మొత్తం 38 మంది పిల్లలు చనిపోయారు. ఊరివాళ్లు శిథిలాలు తవ్వుతుంటే దక్షిణ భాగం కింద పేలని మందు దాదాపు 225 కిలోలు బయటపడింది. అది తీసేదాకా పిల్లల కోసం వెతకడం ఆపాల్సి వచ్చింది.

తర్వాత లెక్క చూస్తే, అతని పొలంలో వాడకుండా పడి ఉన్న సామగ్రి అమ్మినా అప్పు తీరేదట. పొలం కంచెకు కట్టిన పలక మీద మాత్రం తప్పంతా ఇతరులదే అన్నట్టు రాసిపోయాడు. అతన్ని తినేసింది పన్ను కాదు, తన మాట చెల్లలేదన్న కక్ష అని నా అభిప్రాయం.

ఊరు మాత్రం కుంగిపోలేదు. ఆ ఏడాది సెప్టెంబరులోనే సభామందిరంలో, దుకాణాల్లో తరగతులు నడిపింది. సెనేటర్ జేమ్స్ కూజెన్స్ విరాళంతో 1928లో కొత్త బడి తెరిచింది. చనిపోయిన పిల్లల గుర్తుగా మిషిగన్ పిల్లలు సెంటు సెంటు పోగేసి, పిల్లిని ఎత్తుకున్న బాలిక విగ్రహం చేయించారు.

ఓటమి అలాంటి కక్షగా మారకుండా చూడటం బడిలోనే మొదలవ్వాలి. రేపు మీ తరగతిలో లీడరు ఎన్నిక జరుగుతుంది. గెలిచినవాడికి చప్పట్లు ఎలాగూ ఉంటాయి. మీరు ఓడినవాడి పక్కన కూర్చోండి. పదిమంది కాదన్నంత మాత్రాన పరువు పోదని, మళ్లీ అడిగే హక్కు తనకు ఉందని నచ్చజెప్పండి. పెద్దయ్యాక ఊరి బడికి పన్ను కట్టేదీ, బడి కమిటీలో కూర్చునేదీ ఆ పిల్లలే. పాఠ్యపుస్తకంలో లేకపోయినా ఈ పాఠం మానకండి.