రొయ్యకు గీత గీసేదెవరు?
(పాఠశాల స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

మా బ్యాచ్ వాళ్ళు భోజనాల వాసనకి ముందే వచ్చి కూర్చున్నారు.

నేను ప్రయోగశాల యంత్రాలు చూసే ఇంజనీరునండి. మన భీమవరం చుట్టుపక్కల రొయ్యలో క్లోరాంఫెనికాల్ ఉందో లేదో తేల్చేది అలాంటి యంత్రాలే. ఆ మందు చెరువుల్లో వాడకూడదని మన చట్టమూ అంటోంది. వాడినవాణ్ణి నేను వెనకేసుకు రాను. నా సందేహం వేరు. ‘లేదు’ అనాలంటే ఎంత ఉండాలి?

2003లో ఐరోపా సమాఖ్య కిలోకు 0.3 మైక్రోగ్రాములు అంది. అది ప్రయోగశాల కనీసం ఎంతవరకు పసిగట్టాలో చెప్పే గీత. తర్వాత సరుకు ఆపడానికీ అదే గీత అయింది. యంత్రాలు పదునెక్కాయి, 2022 నవంబరు నుంచి 0.15. అంటే పది టన్నుల రొయ్యల్లో ఒకటిన్నర మిల్లీగ్రాములు. చిటికెడు ఉప్పులో వందో వంతు కూడా కాదు. ఈలోగా 2016లో, మన పెంపకం రొయ్యల సరుకులో పరీక్షించే వాటాను పది నుంచి యాభై శాతానికి పెంచారు.

మా క్లాసువాడొకడు ఇక్కడే ఉన్నాడు, పేరు చెప్పను. నాలుగు ఊళ్ళ సరుకు కలిపిన కంటైనర్ ఒకటి వెనక్కి వచ్చింది. వాడి చెరువు శాంపిల్ శుభ్రంగానే ఉంది. అయినా కొనేవాడు ముప్పై కౌంట్ ధర కోసేశాడు. కూతురి పెళ్ళి మాఘం నుంచి వైశాఖానికి జరిగింది. ఆ రాత్రి ఫోను: “ఒరేయ్, మీ మిషను అబద్ధం చెప్పిందా?” చెప్పలేదురా. దానికి గీత గీసిచ్చిన గదిలో మనవాడు లేడు.

ఆహార ప్రమాణాలకు ప్రపంచ వేదిక కోడెక్స్, 1963 నుంచి ఉంది. 1995లో ప్రపంచ వాణిజ్య సంస్థ వచ్చాక దాని మాటకు బరువు పెరిగింది. శాస్త్రీయ కారణం చూపితే ఏ దేశమైనా అంతకన్నా గట్టి గీత గీసుకోవచ్చు, అది వేరే సంగతి. అక్కడ ఏ దేశం కమిటీని నడుపుతుందో అధ్యక్షుడూ ఆ దేశంవాడే. చేపల కమిటీ నార్వేది, పశువుల మందుల అవశేషాల కమిటీ అమెరికాది. మన దేశానికి 2013లో సుగంధద్రవ్యాల కమిటీ దక్కింది. మొదటి సమావేశం 2014లో కొచ్చిలో. మిరియాలకు, జీలకర్రకు ప్రమాణాలు ఆ కమిటీలోనే తయారయ్యాయి. మిరియానికి దొరికిన కుర్చీ రొయ్యకు ఎందుకు దొరకలేదో నాకు మింగుడుపడదు.

కోడెక్స్ వ్యవహారాలు మన దేశంలో చూసేది ఎఫ్ఎస్ఎస్ఏఐ. ముసాయిదాల మీద మన మాట పంపాల్సింది అక్కడికే. అవి ఇంగ్లీషులో ఉంటాయి, చదవలేక వదిలేస్తున్నాం. భోజనాలయ్యాక పదో తరగతి గదిలో ఉంటాను. చెరువులున్నవాళ్ళు మీ పరీక్ష కాగితాలు పట్టుకురండి. నేను తెలుగులో చెప్తాను, ఉత్తరం కలిసి రాద్దాం.