గేరు తానే మార్చుకొను కారు - పెట్రోలు పొదుపు

నిదానమే ప్రధానమని మన పెద్దలు చెప్పినారు. ఆలస్యము అమృతము విషమనియు వారే చెప్పినారు. కారు నడుపువారికి ఈ రెండు మాటలును ఒకేసారి వినబడుచుండును. వేళ మించుచున్నదని ఒకటి తొందరపెట్టును. పెట్రోలు ధర లీటరుకు నూరు రూపాయలు దాటినదని రెండవది కాలు పట్టి వెనుకకు లాగును. క్లచ్చు తొక్కు పని లేకుండ గేరు తానే మార్చుకొను ఆటోమాటిక్ కారులో, ఈ రెండవ మాటను ఎట్లు మన్నింపవచ్చునో ఈనాడు ఆలోచింతము.

ఇట్టి కారు నిన్న మొన్న పుట్టినది కాదు. ద్రవము ద్వారా శక్తిని ఒక చక్రమునుండి మరియొక చక్రమునకు అందించు పద్ధతికి జర్మను ఇంజనీరు హెర్మన్ ఫెటింగరు 1905లో పేటెంటు పొందెను. అమెరికాలో జనరల్ మోటార్సు వారు 1940 సంవత్సరపు ఓల్డ్స్‌మొబైల్ కార్లలో పూర్తి ఆటోమాటిక్ గేరుపెట్టెను అమర్చి విక్రయించిరి. మన దేశమున మాత్రము ఇది చిరకాలము సంపన్నుల వస్తువుగనే యుండెను. 2014లో మారుతి సెలేరియో కారు ఈ సౌకర్యమును తక్కువ ధరకు తెచ్చిన పిమ్మట మధ్యతరగతి ఇండ్లకును ఇది చేరినది. మోకాళ్ల నొప్పులు గల పెద్దలకును, ఎడమకాలు సహకరింపని వారికిని, నగరపు రద్దీలో క్లచ్చు తొక్కి తొక్కి విసిగినవారికిని ఇది నిజముగా ఒక స్వాతంత్ర్యము. అయినను పెక్కు ఇండ్లలో, "ఆటోమాటిక్ కారు పెట్రోలు త్రాగును, మనకు తగదు" అను తీర్పు ముందే వెలువడును. కారు అత్యవసరమైన మనిషియే ఆ తీర్పువలన ఇంట కూర్చుండవలసి వచ్చును. కావున ఆ మాటలో నిజమెంతయో చూడవలసియున్నది.

పాత ఆటోమాటిక్ కార్ల విషయమున అది చాలవరకు నిజమే. ద్రవములో చక్రములు జారుటవలన కొంత శక్తి వేడిగా మారి వ్యర్థమగుచుండెను; గేరులును మూడో నాలుగో యుండెడివి. నేటి కార్లలో గేరులు పెరిగినవి. వేగము కుదుటపడగనే ఆ జారుడును ఆపి, రెండు చక్రములను కలిపి బిగించు ఏర్పాటు వచ్చినది. కాబట్టి మైలేజీలో తేడా యంత్రమునందు కంటె ఇప్పుడు మన కుడికాలియందే హెచ్చుగా నున్నది.

గేరు మార్చునది యంత్రమే గాని, ఎప్పుడు మార్చవలెనో దానికి చెప్పునది మన పాదమే. కారు ఎంత వేగముతో పోవుచున్నది, యాక్సిలరేటరు ఎంత లోతుగా నొక్కబడినది - ముఖ్యముగా ఈ రెండింటిని చూచి యంత్రము నిర్ణయము చేయును. మెల్లగా నొక్కినచో పై గేరునకు త్వరగా పోవును. ఇంజను తక్కువ చుట్లు తిరుగును. గట్టిగా అదిమినచో, యజమానికి బలము కావలెనని గ్రహించి, క్రింది గేరులోనే నిలిచియుండును, లేదా పై గేరునుండి క్రిందికి దిగును. లారీని దాటునపుడు ఈ గుణము ప్రాణము కాపాడును. రెండు వీధుల అవతలనున్న కూరల అంగడికి పోవునపుడు అదే గుణము పెట్రోలును హరించును.

కావున బయలుదేరునపుడు పాదమును ఒత్తుగా గాక, నిలకడగా పెట్టవలెను. కోరిన వేగము వచ్చిన వెంటనే పాదమును రవంత సడలించినచో, యంత్రము ఆ సూచనను గ్రహించి పై గేరునకు మారును. క్లచ్చును యంత్రమే నడుపు చవుక రకపు కార్లలో, గేరు మారునపుడు కలుగు కుదుపు కూడ దీనివలన తగ్గును. గేరులకు మారుగా పట్టీ, కప్పీలతో నడచు కార్లలో ఇంజను మ్రోతయే మనకు గురువు: మ్రోత పెరిగి వేగము పెరగనిచో పాదము ఎక్కువైనదని తెలియవలెను. స్పోర్ట్ మీటను అవసరమునకే వాడి, తరువాత మరువక తీసివేయవలెను.

ఇక బ్రేకు సంగతి. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు 1,200 కిలోల కారును పూర్తిగా ఆపినపుడు, ఆ వేగమును కూర్చుటకై వెచ్చించిన శక్తి యంతయు బ్రేకులలో వేడియై పోవును. లెక్క కట్టిన యెడల అది సుమారు 20 మిల్లీలీటర్ల పెట్రోలునకు సమానము. అనగా అట్టి ఏబది ఆపులలో ఒక లీటరు గాలిలో కలిసిపోవును. అదే 30 కిలోమీటర్ల వేగమున ఆపినచో నష్టము నాలుగవ వంతే. ఎదుట ఎఱ్ఱదీపము కనబడుచుండగా దానివైపు పరుగెత్తుట, చివర గట్టిగా బ్రేకు తొక్కుట - దీనివలన ఒక్క నిమిషమైనను కలిసిరాదు. మన ఎడ్లబండి తోలువాడు పల్లమును దూరమునుండియే చూచి పగ్గములను సవరించుకొనును. ఆ చూపే కారు నడుపువానికిని కావలెను. ముందు వాహనమునకు ఎడమిచ్చి, దీపము కనబడగనే పాదము తీసివేసినచో, కారు తన వేగముతో తానే కొంత దూరము సాగును. మనము చేరునప్పటికి దీపము పచ్చనైనను కావచ్చును.

ఇచ్చట ఒక ప్రమాదకరమైన భ్రమను గూర్చి హెచ్చరింపవలసియున్నది. పల్లములో మీటను 'ఎన్' అను న్యూట్రలునకు తెచ్చినచో పెట్రోలు మిగులునని కొందరు నమ్ముదురు. నేటి కార్లలో ఇది తలక్రిందులు. గేరులో నుండగా పాదము తీసివేసినచో చక్రములే ఇంజనును త్రిప్పును. యంత్రపు మెదడు పెట్రోలు చిమ్ముటను పూర్తిగా ఆపివేయును. న్యూట్రలునకు తెచ్చితిమా, ఇంజను ఆగిపోకుండుటకు మరల పెట్రోలు కావలెను. పొదుపు అటుంచి, ఇంజను పట్టు వదలిపోయి, భారమంతయు బ్రేకులపై పడును. తిరుమలనుండి దిగు ఘాటు రోడ్డువంటి మలుపుల దారిలో బ్రేకులు వేడెక్కి పట్టు సడలిన యెడల కలుగు కీడును వేరుగ చెప్పనక్కరలేదు. దిగునపుడు 'ఎల్' లేక '2' అను స్థానమునకో, చేతితో మార్చు పద్ధతికో తెచ్చి, క్రింది గేరులో దిగవలెను. అది క్షేమము, పొదుపు కూడ.

సిగ్నలువద్ద నిలిచినపుడు ఏమి చేయవలెను? ఆగియున్న ఇంజను మరల బయలుదేరుటకు పట్టు పెట్రోలు, పది సెకండ్లు ఊరక తిరుగుటకు పట్టు పెట్రోలుతో ఇంచుమించు సమానమని అమెరికా ఇంధనశాఖ వారి లెక్క. కావున రైలు గేటువద్దను, బడి ముందును, నిమిషమునకు మించి నిలుచు సిగ్నలువద్దను ఇంజను ఆపుట మేలు. తానే ఆగి తానే బయలుదేరు ఏర్పాటున్న కార్లలో దానిని పని చేయనీయవలెను. ఆపుటకు వీలులేనిచో, ద్రవముతో నడచు రకములో న్యూట్రలునకు తెచ్చి చేతిబ్రేకు వేసినచో కొంత మిగులును. ఎత్తుపై నిలిచినపుడు కారు వెనుకకు జారకుండ యాక్సిలరేటరు నొక్కి పట్టుట మాత్రము ఏ రకమునకును తగదు. క్లచ్చు గల రకములలో అది పెట్రోలునే గాక క్లచ్చును కూడ కాల్చివేయును.

పెద్ద రహదారిపై శత్రువు గాలి. వేగము పెరిగినకొలది గాలి ఎదిరింపు వేగపు వర్గముగా పెరుగును. 80 నుండి 100 కిలోమీటర్లకు పోయినచో వేగము పెరిగినది నాలుగవ వంతు. గాలి ఎదిరింపు పెరిగినది సగమునకు పైగా. హైదరాబాదునుండి విజయవాడకు సుమారు 270 కిలోమీటర్లు. నిలకడగా 100తో పోగలిగినను, 80తో పోవుదానికంటె కలిసివచ్చునది నలువది నిమిషములు. టోలుగేటు వరుసలలోను, టిఫిను వేళలోను అందు సగము పోనే పోవును. చదునైన దారిలో రద్దీ లేనపుడు క్రూయిజు మీట పాదముకంటె నిలకడగా వేగమును కాపాడును. కొండదారిలోను, వానలోను దానిని వాడరాదు.

మిగిలినవి క్లుప్తముగా. టైర్లలో గాలిని నెలకొకసారియైన, చక్రములు చల్లగా నున్నపుడు చూపింపవలెను. కారు వెనుక పెట్టెలో నెలలుగా మోయుచున్న సామాను దించివేయవలెను. ఎండలో నిలిచిన కారు తలుపులు తెరచి, వేడిగాలి పోయిన తరువాత ఏసీ వేయవలెను. ఊరిలో నెమ్మదిగా పోవునపుడు అద్దములు దించుకొనవచ్చును. రహదారిపై మూసికొనుటయే మేలు.

ఇన్ని చేసినను, ఫలితము తెలియుటకు కొలత కావలెను. ట్యాంకు నిండుగా పోయించి మీటరు అంకె వ్రాసికొని, మరల నిండుగా పోయించినపుడు నడచిన దూరమును పట్టిన లీటర్లతో భాగించవలెను. ఒకసారి కాక నాలుగైదుసార్లు చేసి సగటు చూడవలెను. పాత లెక్కలతో పోల్చునపుడు ఒక్కటి గుర్తుంచుకొనవలెను. 2025 నాటికి మన పెట్రోలులో ఇథనాలు 20 శాతమునకు చేరినది. ఇథనాలులో లీటరుకు గల శక్తి పెట్రోలుకంటె దాదాపు మూడవ వంతు తక్కువ. ఆ కారణమున తగ్గిన కొద్దిపాటి మైలేజీకి మన పాదమును నిందింప పనిలేదు.

నెలకు వేయి కిలోమీటర్లు తిరుగు ఒక కుటుంబమున్నదనుకొందము. లీటరుకు 14 కిలోమీటర్లు వచ్చుచున్న కారు, నడకలో ఈ మార్పులవలన 17 ఇచ్చినచో, నెలకు 12 లీటర్లకు పైగా మిగులును. అనగా పన్నెండు వందల రూపాయలకు తక్కువ కాదు. ఒక చిన్న సంసారమునకు పాల ఖర్చులో అది మంచి భాగమే. మన దేశము తనకు కావలసిన ముడిచమురులో నూటికి ఎనుబది అయిదు వంతులకు పైగా విదేశములనుండి కొనుచున్నది. కాన ఆ పన్నెండు లీటర్లు ఆ ఇంటికి మాత్రమే మిగిలినవి కావు.

గేరు మార్చు శ్రమను యంత్రము తనపై వేసికొన్నది. దారిని ముందుగా చూచుట, పాదమును అదుపులో నుంచుట అను రెండు పనులను మాత్రము మనకే విడిచినది. ఆ రెండును చక్కగా నెరవేర్చు ఇంట, తాతగారికో తల్లికో ఆటోమాటిక్ కారు అవసరమైనపుడు, పెట్రోలు భయము అడ్డురానక్కరలేదు.