పాత ఎస్టీమ్‌కి ఇంట్లో చేసిన స్పాయిలర్: మొదటిది ఎందుకు ఊడిపోయింది, రెండోది ఎందుకు ఊడలేదు

ఈరోజు ఎపిసోడ్ కొంచెం సిగ్గుపడుతూ చేస్తున్నా. ఎందుకంటే ఇందులో తప్పు చేసింది నేనే. ఇంతకుముందు ఒక వీడియోలో మా నాన్న కారుకి నేను చేసిన స్పాయిలర్ చూపించాను కదా, చాలామంది "బ్రో, కొలతలు పెట్టండి" అని అడిగారు. పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో ఇప్పుడు చెప్తా.

ముందు కారు సంగతి. 2004 మోడల్ మారుతి ఎస్టీమ్. 1298 సీసీ, 85 గుర్రాల ఇంజన్, లాగేది ముందు చక్రాలు. నాన్న కొన్న మొదటి కొత్త కారు ఇదే. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి విజయవాడ వచ్చేశాక ఇంట్లో ఎక్కువగా దీన్ని నేనే నడుపుతున్నా. దీనికి స్పాయిలర్ పెడదాం అంటే నాన్న ఒక్కటే అడిగారు: "దేనికిరా?" నా దగ్గర సరైన జవాబు లేదు. "బాగుంటుంది నాన్నా" అన్నా.

మొదటిది ఎలా చేశానంటే, ఫ్లెక్సీ షాపుల్లో దొరికే సన్‌బోర్డ్ ఉంటుంది కదా, అది కట్ చేసి, రెండు పొరలు అతికించి, నల్ల వినైల్ స్టిక్కర్ వేసి, డబుల్ సైడ్ టేపుతో డిక్కీ డోర్ మీద అంటించాను. ఒక్క ఆదివారం పని. ఫోటోల్లో అదిరిపోయింది. ఊళ్ళో రెండు వారాలు తిరిగాను, కదల్లేదు. చేత్తో లాగి చూశా, రాలేదు. ఇంకేం, సూపర్ అనుకున్నా.

తర్వాత మే నెలలో హైదరాబాద్ నుంచి వస్తున్నా. నందిగామ దాటాక స్పీడు 90 దగ్గర ఉంది. వెనక నుంచి టప్‌మని ఒక చప్పుడు. అద్దంలో చూస్తే స్పాయిలర్ గాల్లో ఉంది. అది రోడ్డు మీద పడి మళ్ళీ ఎగిరింది. వెనకాల బైకు మీద భార్యాభర్తలు, మధ్యలో చిన్న పాప. ఆయన బ్రేకు కొట్టి పక్కకి కోశాడు. బండి ఊగింది, పడలేదు. నేను కారు ఆపి పరుగెత్తుకుంటూ వెళ్ళా. ఆయన తిట్టలేదండి. తిట్టినా బాగుండేది. "చూడు బాబూ, నీ కారుకి ఏం పెట్టుకుంటావో నీ ఇష్టం. మా మీద పడేటట్టు మాత్రం పెట్టుకోకు" అని పాపని సర్దుకుని వెళ్ళిపోయాడు.

ఆ కొలతలు ఎందుకు పెట్టలేదో అర్థమైంది కదా. అవి చూసి మీలో పది మంది చేసుకుంటే, పది బైకుల ముందు పది బోర్డులు ఎగిరేవి.

సరే, అసలు ఎందుకు ఊడింది? ఇక్కడ కొంచెం లెక్క ఉంది, భయపడకండి. గాలి తోపు వేగంతో పాటు పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. అంటే స్పీడు రెండింతలైతే తోపు నాలుగింతలు. నా స్పాయిలర్ వెడల్పు 110 సెంటీమీటర్లు, లోతు 18. అంటే సుమారు 0.2 చదరపు మీటర్లు. గాలి మొత్తం దాని మీదే కొట్టిందని గట్టి అంచనా వేసుకుంటే, 50 కిలోమీటర్ల స్పీడులో దాని మీద పడేది రెండున్నర కిలోల లోపు బరువు. 100 దగ్గర? దాదాపు తొమ్మిదిన్నర కిలోలు. ఊళ్ళో 40లో తిరిగి "గట్టిగా ఉంది" అనుకోవడం అంటే, లోకల్ మెషీన్‌లో ఒక్క యూజర్‌తో టెస్ట్ చేసి ప్రొడక్షన్‌లోకి తోసేయడమే. ఉద్యోగంలో ఎవరైనా అలా చేస్తే నేనే గొడవ పెట్టుకునేవాణ్ణి.

రెండో సంగతి టేపు. డబుల్ సైడ్ టేపుని పక్కకి లాగితే చాలా బలంగా పట్టుకుంటుంది. ఒక చివర నుంచి పైకి ఒలిస్తే మాత్రం తేలిగ్గా వచ్చేస్తుంది. అరటిపండు తొక్క లాగ. నేను చేత్తో లాగింది పక్కకి. గాలి చేసింది ఒలవడం. పైగా మే నెల ఎండలో డిక్కీ రేకు కాలిపోతోంది, జిగురు మెత్తబడింది. సన్‌బోర్డ్ వంగే రకం కాబట్టి ముందు అంచు రెపరెపలాడి కొద్దిగా లేచింది. గాలి దూరడానికి ఆ సందు చాలు.

అప్పుడు నాన్న అడిగిన ప్రశ్నకి నిజంగా జవాబు వెతికాను. స్పాయిలర్ దేనికి? కారు పైకప్పు మీదుగా వచ్చే గాలి వెనక అద్దం వంపు మీదుగా కిందకి జారుతుంది. అలా వంపు తిరిగే చోట గాలి ఒత్తిడి తగ్గి, కారు వెనక భాగం కొద్దిగా పైకి లేవాలని చూస్తుంది. డిక్కీ చివర అడ్డంగా చిన్న అంచు పెడితే ఆ ప్రవాహం చెడిపోతుంది, పైకి లేపే బలం తగ్గుతుంది. చెడగొట్టేది కాబట్టే దాని పేరు స్పాయిలర్. 1972లో వచ్చిన పోర్షె 911 కరెరా ఆర్‌ఎస్ వెనక బాతు తోకలాంటి అంచు ఉంటుంది, అది ఇందుకే. ఇంకా పెద్ద ఉదాహరణ ఆడి టీటీ. 1998లో స్పాయిలర్ లేకుండా నున్నటి వెనక భాగంతో వచ్చింది. జర్మనీ ఆటోబాన్ మీద బాగా స్పీడులో కొన్ని కార్లు అదుపు తప్పి ప్రమాదాలు జరిగాయి, ప్రాణాలు పోయాయి. తర్వాత కంపెనీ ఆ కార్లని వెనక్కి పిలిచి, చిన్న స్పాయిలర్, ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ పెట్టి ఇచ్చింది. అంటే ఆ చిన్న ముక్క ఉత్త అలంకారం కాదు.

కానీ అది ఆటోబాన్ స్పీడుల కథ. నా ఎస్టీమ్ 80, 90లో పోతుంది. పైగా లాగేది ముందు చక్రాలు, కాబట్టి వెనక నొక్కు పెంచితే పికప్‌కి ఉపయోగం సున్నా. ఇది తెలిసే రెండోది మొదలుపెట్టా. ఎందుకంటారా? ఓడిపోయిన పని అలా వదిలేయబుద్ధి కాలేదు. ఈసారి షరతు ఒక్కటే: అందం తర్వాత, ముందు ఊడకూడదు.

మొదట అట్టముక్కలతో నమూనా చేశా. నాన్నని డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి, లోపలి అద్దంలో వెనక బైకు హెడ్‌లైట్ కనబడుతోందా అని అడుగుతూ ఎత్తు తగ్గించుకుంటూ వచ్చా. 9 సెంటీమీటర్ల దగ్గర "ఇప్పుడు కనబడుతోంది" అన్నారు. అదే ఎత్తు ఖాయం. బ్రేక్ లైట్లు, నంబర్ ప్లేటు ఏ వైపు నుంచీ మూసుకోకూడదు. అంచులన్నీ గుండ్రంగా ఉండాలి, ఎవరైనా తగిలినా కోసుకోకూడదు.

తర్వాత ఆటోనగర్‌లో ఫైబర్ పని చేసే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళా. బాబాయ్ అంటాం. థర్మోకోల్‌తో అచ్చు చెక్కి తీసుకెళ్ళి గర్వంగా చూపిస్తే, ఆయన ఒక చుక్క రెసిన్ దాని మీద వేసి "చూడు" అన్నారు. కళ్ళముందే గుంట పడి కరిగిపోయింది. పాలిస్టర్ రెసిన్‌లో ఉండే స్టైరీన్ థర్మోకోల్‌ని తినేస్తుంది. అందుకని అచ్చు మొత్తం బ్రౌన్ టేపుతో సందు లేకుండా చుట్టి, దాని మీద మూడు పొరల ఫైబర్ మ్యాట్ వేశాం. ఎండాక బరువు సుమారు రెండు కిలోలు వచ్చింది.

ఇక్కడ ఒక హెచ్చరిక, దయచేసి స్కిప్ చేయకండి. రెసిన్‌తో పాటు కోబాల్ట్, క్యాటలిస్ట్ అని రెండు సీసాలు ఇస్తారు. ఆ రెండూ నేరుగా ఒకదానిలో ఒకటి ఎప్పుడూ కలపకూడదు, పేలుతుంది. ముందు కోబాల్ట్ రెసిన్‌లో వేసి బాగా కలపాలి, ఆ తర్వాతే క్యాటలిస్ట్. కళ్ళజోడు, గ్లవ్స్, మాస్కు, ఫుల్ హ్యాండ్స్ చొక్కా తప్పనిసరి. ఫైబర్ పొడి ఒంటికి తగిలితే రాత్రంతా దురదే.

ఇప్పుడు అసలైన భాగం, బిగించడం. టేపు వద్దనుకున్నాం. నాలుగు చోట్ల 6 ఎంఎం బోల్టులు. వాటి తలలకి పళ్ళెంలాంటి రేకు ముక్కలు వెల్డ్ చేసి, ఫైబర్ వేసేటప్పుడే లోపల పాతిపెట్టాం. డిక్కీ రేకుకి రంధ్రాలు పెట్టి, కోసిన అంచులకి వెంటనే ప్రైమర్, టచప్ పెయింట్ వేశాం. లేకపోతే ఒక్క వర్షాకాలం చాలు, తుప్పు మొదలవుతుంది. మధ్యలో రబ్బరు వాషర్, చుట్టూ సిలికాన్. లోపలి వైపు నైలాక్ నట్లు, అంటే కుదుపులకి వాటంతట అవి వదులు కానివి.

తర్వాత పరీక్ష. లెక్కలో వచ్చింది తొమ్మిదిన్నర కిలోలు. గాలి దుమారం, పక్కనుంచి బస్సు దూసుకుపోవడం ఇవన్నీ ఉంటాయి కాబట్టి మూడింతలు, 28 అయింది, 30 అనుకున్నా. సూట్‌కేసు తూచే కొక్కెం కాటా ఉంటుంది కదా, దానికి బెల్టు కట్టి స్పాయిలర్‌ని పైకి లాగాం. 18 కిలోల దగ్గరే కిర్రుమంది. స్పాయిలర్ బాగానే ఉంది, బోల్టు చుట్టూ డిక్కీ రేకు ఉబ్బుతోంది! పల్చటి రేకు కదా. బాబాయ్ నవ్వి, "నీ ముక్క గట్టిది, అది పట్టుకున్న గోడ గట్టిది కాదు" అన్నారు. లోపల నట్ల కింద ఒక్కో చోట 2 ఎంఎం ఇనప ప్లేటు పెట్టాం, బలం ఎక్కువ మేర పంచుకునేలా. మళ్ళీ లాగాం. మధ్యలో, రెండు చివర్లా 30 కిలోలు. చిన్న శబ్దం కూడా లేదు.

ఇంకోటి మర్చిపోయా. రెండు కిలోలు పెరగడం వల్ల డిక్కీ డోర్ ఇదివరకులా పూర్తిగా పైన నిలబడటం లేదు, నెమ్మదిగా దిగుతోంది. సామాను తీసేటప్పుడు తల మీద పడే ప్రమాదం. దాన్ని నిలబెట్టే స్ప్రింగ్ కడ్డీ సర్దించాల్సి వచ్చింది. ఒక చోట కొత్తది పెడితే ఇంకో చోట లెక్క మారుతుందండి.

ఫలితం? ఊలు దారం ముక్కలు డిక్కీ మీద, వెనక అద్దం మీద సెల్లోటేపుతో అంటించి, ఒక ఫ్రెండ్ పక్క కారులో కూర్చుని 60 స్పీడులో వీడియో తీశాడు. స్పాయిలర్ లేనప్పుడు డిక్కీ చివర దారాలు పడుకుని కిందకి వంగుతున్నాయి. పెట్టాక అంచు దగ్గర పైకి లేస్తున్నాయి. అంటే గాలి దారి మారింది, పని చేస్తోంది. కానీ స్టీరింగ్‌లో, మైలేజీలో నాకు తెలిసిన తేడా ఏమీ లేదు. ఉందని చెప్తే అబద్ధం అవుతుంది.

చివరిగా చట్టం సంగతి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకి, ఆర్సీలోని వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్ని గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణలో, అనుమతి లేని ఒక్కో మార్పుకి యజమానికి 5 వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ అని ఉంది. 15 ఏళ్ళు దాటిన కారుకి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకోవాలి కదా, అందుకని నేను ముందే వెళ్ళి ఇన్‌స్పెక్టర్ గారికి చూపించి అడిగా. "తీసేసి, కంపెనీ ఇచ్చినట్టు తీసుకురా" అన్నారు. సో, మీరు రంధ్రం పెట్టే ముందే మీ ఆర్టీవో ఆఫీసులో అడగండి, ఇన్సూరెన్స్ వాళ్ళకీ చెప్పండి. నాలాగా పెట్టాక అడగకండి.

ఇప్పుడు మా కారుకి స్పాయిలర్ లేదు. నాలుగు రంధ్రాలకి రబ్బరు బిరడాలు ఉన్నాయి. ముక్క ఇదిగో, నా వెనక గోడకి వేలాడుతోంది. దాన్ని గోడకి బిగించేటప్పుడు నాన్న వచ్చి, కాసేపు చూసి, ఒకసారి గట్టిగా కిందకి లాగి చూశారు. కదల్లేదు. "ఆ బైకాయన ఇది చూడాల్సిందిరా" అన్నారు.

మీ బండికి మీరు ఏదైనా బిగించుకుని ఉంటే, క్యారియర్ కావచ్చు, హారన్ కావచ్చు, బోర్డు కావచ్చు, ఈ వీడియో అయిపోగానే కిందకి వెళ్ళి ఒకసారి పైకి లాగి చూడండి. పక్కకి కాదు, పైకి. వదులుగా ఉంటే ఈరోజే తీసేయండి. ఉంటానండి, నమస్తే.