పొడి అక్షరాల్లో దాగిన మన వీధులు
(ప్రసంగ పాఠం)



హక్కుల సదస్సులో వీధి పేర్ల గురించీ, ఫోనులోని పటాల గురించీ ప్రసంగమేమిటని కొందరికి అనిపించవచ్చు. రేషన్ కార్డు, ఓటరు జాబితా, పాస్‌పోర్టు విచారణ, బ్యాంకు రుణం, అర్ధరాత్రి 108కు చేసే ఫోను - వీటిలో ఏది తీసుకున్నా మొట్టమొదట అడిగేది చిరునామానే. ఆ చిరునామాను ఒకప్పుడు పోస్ట్‌మ్యాన్ చదివేవాడు. ఇంటి నంబరు తప్పున్నా, వీధి పేరు సగమే ఉన్నా, తండ్రి పేరు చూసి ఉత్తరం చేతికిచ్చేవాడు. ఇప్పుడు దాన్ని ముందుగా చదువుతున్నది యంత్రం. దానికి మన నాన్నగారు తెలియరు. తన వద్దనున్న పేర్ల పట్టికలో మనం టైపు చేసిన అక్షరాలు ఉన్నాయా, లేవా అన్నదే దానికి తెలిసిన సంగతి.

మనం రాస్తున్నవేమో పొడి అక్షరాలు. హైదరాబాదులో ఎం.జె. మార్కెట్ అంటే మొజంజాహి మార్కెట్. 1935లో కట్టిన ఆ మార్కెట్‌కు ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ రెండవ కుమారుడు మొజంజా పేరు పెట్టారు. దానికి దగ్గరలోనే ఉన్న ఎం.జె. రోడ్డు మాత్రం ముకర్రంజాహి రోడ్డు. అది ఆ నిజాం మనుమడి పేరు. ఇద్దరు వేర్వేరు మనుషులు రెండు అక్షరాల్లో ఒక్కటైపోయారు. ఈ తేడా తెలియని వారెవరైనా పటంలో రోడ్డు పేరును మొజంజాహి రోడ్డని విప్పి రాస్తే అదే స్థిరపడిపోతుంది. అడ్డు చెప్పడానికి యంత్రం దగ్గర ఏ ఆధారమూ ఉండదు.

ఇక ఏ.సి. గార్డ్స్ సంగతి. ఏ.సి. అంటే చల్లని గాలినిచ్చే యంత్రమే అనుకునే పిల్లలు ఈనాడు చాలామంది ఉన్నారు. నిజానికది ఆఫ్రికన్ క్యావల్రీ గార్డ్స్. తూర్పు ఆఫ్రికా మూలాలున్న సిద్దీలు నిజాం అశ్విక దళంలో పనిచేసి, కుటుంబాలతో స్థిరపడిన చోటు అది. వారి సంతతి ఇప్పటికీ అక్కడ నివసిస్తున్నది. వారు ఎవరో, ఎందుకు వచ్చారో చెప్పగలిగిన గుర్తు ఆ వీధి పేరు. దానినే మనం రెండు చుక్కల మధ్య దాచిపెట్టాం.

పూర్తి పేరు నుంచి పొడి అక్షరాలు తీయడం యంత్రానికి చిటికెలో పని. తెర చిన్నదైతే అది తానే కుదించి చూపగలదు. పొడి అక్షరాల నుంచి పూర్తి పేరు కచ్చితంగా రాబట్టడం మాత్రం దానికి అన్నిసార్లూ సాధ్యం కాదు. ఇంగ్లీషులో సెయింట్‌కూ, స్ట్రీట్‌కూ ఒకే కురచ రూపం ఉంది. మన తెలుగు చిరునామాల్లోనూ అంతే. గ్రా. అంటే గ్రామం, మం. అంటే మండలం, జి. అంటే జిల్లా అని రాసుకుంటాం. ఎన్టీఆర్ జిల్లాలో జి.కొండూరు ఉంది. అక్కడి జి. జిల్లా కాదని యంత్రానికి ఎవరు చెప్పాలి? వి.కోట అంటే వెంకటగిరికోట అని చిత్తూరు వైపు వారికి తెలుసు, పటానికి తెలియదు. చుక్క పెట్టారా, చుక్క తరువాత ఖాళీ వదిలారా అన్నదానిని బట్టి కూడా కొన్ని యంత్రాలు ఒకే పేరును వేరు వేరు మాటలుగా లెక్కిస్తాయి.

దీనికి తోడు మన పేర్ల రాతలో ఒక నిలకడ లేదు. షా అలీ బండా, షాలిబండ ఒకటే. మౌలా అలీ, మౌలాలి ఒకటే. యాకుత్‌పురాను ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాస్తారో ఆ బస్తీ దుకాణాల బోర్డులు చూస్తేనే తెలుస్తుంది. ఉర్దూ పలుకు తెలుగులోకి ఒక దారిన, ఇంగ్లీషులోకి మరో దారిన వస్తుంది. వెతికే యంత్రాలకు సమానార్థాల పట్టికలు ఉంటాయి. రోడ్డును కురచగా రాసినా, పూర్తిగా రాసినా ఒకటేనని వాటిలో రాసిపెడతారు. గల్లీ, మొహల్లా, బౌలి, కమాన్, దేవ్డీ వంటి మన మాటలు ఆ పట్టికల్లోకి వాటంతటవే వచ్చి చేరవు. అవి తెలిసినవారు చేర్చాలి.

ఇంటి నంబర్ల చిక్కు మరొకటి. హైదరాబాదు పాత నంబరులో వార్డు, బ్లాకు, ఇల్లు వరుసగా ఉంటాయి. తాతగారి ఇల్లు నలుగురు కొడుకుల మధ్య పంపకమైతే నంబరు పక్కన ఒక గీత, తరువాతి తరంలో ఇంకో గీత, ఆ పక్కన ఒక ఇంగ్లీషు అక్షరం చేరతాయి. మన కుటుంబాల చరిత్రంతా ఆ గీతల్లోనే ఉంది. ఆధార్‌లో ఒక గీత తప్పిపోయి, ఓటరు జాబితాలో ఆ గీత ఉంటే, రెండూ ఒకే ఇల్లని గుమాస్తా నమ్మడు, యంత్రం అసలే నమ్మదు.

కనుక అంబులెన్సుకు ఫోను చేసినవారు "కమాన్ దాటి, మసీదు పక్క గల్లీ" అని చెబుతుండగా, ఇంట్లోని కుర్రవాడు పెద్ద రోడ్డు మీదకు పరుగెత్తి చేతులూపి పిలవడం మన మొహల్లాల్లో మామూలైపోయింది. కుర్రవాడు లేని ఇంట్లో ఒంటరి వృద్ధురాలికి కష్టమొస్తే ఏమిటన్నది మనం ఆలోచించాలి.

ఇక్కడ ఒక మాట తేల్చుకోవాలి. ముస్లింలు ఎక్కువగా ఉన్న ప్రాంతాలను కొన్ని బ్యాంకులు రుణాలు ఇవ్వరాని ప్రాంతాలుగా గుర్తుపెట్టుకున్నాయని 2006లో సచార్ కమిటీ నివేదిక పేర్కొంది. అది తెలిసి చేసే వివక్ష. దానిపై పోరాడవలసిన వేదికలు వేరు. పటంలో మన గల్లీ దొరకకపోవడం చాలావరకు ఎవరూ రాయకపోవడం వల్ల వచ్చినది. రెండింటినీ ఒకే గాటన కట్టేస్తే, మన చేతిలో ఉన్న పని కూడా ఎవరో వచ్చి చేయాల్సిన పనిగా మిగిలిపోతుంది.

మన చేతిలో ఉన్నదేమిటంటే, 2004లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే స్వేచ్ఛా పటం. ఎవరైనా ఖాతా తెరిచి అందులో వీధులు, పేర్లు చేర్చవచ్చు. ఎన్నో ఇతర యాప్‌లు, పరికరాలు దాని సమాచారాన్నే వాడుకుంటాయి. పొడి అక్షరాల పూర్తి రూపం తెలిస్తే పేరును పూర్తిగానే రాయాలన్నది అక్కడి నియమం. పొడి పేరుకు వేరే గడి ఉంది, పాత పేరుకు ఒక గడి, మరో వాడుక పేరుకు ఇంకో గడి, తెలుగు రూపానికి, ఉర్దూ రూపానికి విడివిడిగా గడులు ఉన్నాయి. ఏ.సి. గార్డ్స్ అని వెతికే మనిషికీ దారి దొరకాలి, పూర్తి పేరూ నిలవాలి. రెండింటికీ చోటుంది. వాణిజ్య సంస్థల పటాల్లోనూ సవరణలు సూచించవచ్చు గాని, అంగీకరించడం ఆ సంస్థ ఇష్టం. ఒక సంస్థ పటంలో చూసి మరో పటంలోకి ఎక్కించడం కూడదు. మనం నడిచి, చూసి, అడిగి తెలుసుకున్నదే రాయాలి.

పేర్లన్నిటినీ శుద్ధి చేయమని నేను అనడం లేదు. బ్యారక్స్ అనే మాటే బార్కస్ అయింది. మా సాహెబా చెరువు మాసబ్ ట్యాంక్ అయింది. అవి జనం నోట నలిగి పండిన పేర్లు, వాటిని వెనక్కి లాగనవసరం లేదు. మూలం తెలిస్తే పాత పేరు గడిలో రాసి ఊరుకోవాలి.

ఇంకొక హెచ్చరిక. మసీదు, ఆషుర్‌ఖానా, దర్గా, శ్మశానం, బడి, దవాఖానా, మంచినీటి పంపు, వీధి పేరు, ఇంటి నంబరు వరకు రాయండి. ఆ ఇంట్లో ఎవరుంటారో, వారి మతమేమిటో రాయవద్దు. అంబులెన్సుకు అది అక్కరలేదు, దుర్మార్గుడికి అది ఉపయోగపడుతుంది. వక్ఫ్ ఆస్తుల విషయంలోనూ పటం హక్కు పత్రం కాదు. అయితే గెజెట్‌లోని పాత మొహల్లా పేరును నేటి వీధితో కలిపి చూపడానికి పాత పేరు గడి పనికివస్తుంది.

2025లో తపాలా శాఖ డిజిపిన్ అనే పది అక్షరాల సంకేతాన్ని తెచ్చింది. దాని రూపకల్పనలో హైదరాబాదు ఐఐటీ పాలుపంచుకుంది. సుమారు నాలుగు మీటర్ల చదరానికి ఒక సంకేతం. మీ ఇంటిది తెలుసుకుని తలుపు వెనుక రాసి పెట్టుకోండి, ఆపదలో పనికొస్తుంది. కాని సంకేతం ఇల్లు చూపుతుందే గాని, వీధి పేరు చెప్పదు.

ఉర్దూ తెలంగాణ అంతటా 2017 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2022 చట్టం ద్వారా రెండవ అధికార భాష. వీధి బోర్డుపై పూర్తి పేరు తెలుగులో, ఉర్దూలో రాయమని మునిసిపాలిటీకి వినతిపత్రం ఇవ్వడానికి ఈ ఆధారం చాలు. బోర్డు మారితే పటం మార్చడం తేలిక.

జొహర్ నమాజు, భోజనం తరువాత పక్క గదిలో కూర్చుందాం. ఫోను తెచ్చుకోండి. మీ వీధి పేరు, మీ ఇంటి పెద్దలు చెప్పిన పూర్తి రూపంలో, తెలుగులో ఒకసారి, ఉర్దూలో ఒకసారి కాగితం మీద రాసుకుని రండి. పెద్దలు తెలియదంటే ఆ గడి ఖాళీగానే ఉంచండి, ఊహించి నింపకండి.